పద్దెనిమిదో వరస

ఎండలో ఆకు చదవకూడదు.
ఎండ మొహమాటస్థురాలు,
ప్రతి ఆకునీ పచ్చగానే ఉందంటుంది.
వీపు సూర్యుడికిచ్చి
నీ నీడని మొక్క మీద కప్పి
అప్పుడు చూడు, అంది దొమితీలా తారాచే,
మెతా నదికి ఉత్తరాన, పశుగ్రాసాల తోటలో
నేను పనిలో చేరిన మొదటి వారం.

ఆమె కళ్ళజోడు జీతం లెక్కకే.
ఆకు దగ్గరికొచ్చేసరికి తీసి జేబులో వేసుకునేది.
సెంత్రోసేమా తీగ మూడాకుల రెమ్మని
ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పట్టి
ఈనెల మధ్య పాలిపోయిన చోటు చుట్టూ
గోటితో గీసేది:
"ఇదిగో, ఇక్కడ బయటపడింది."

పురుగు కొరికింది కాదు, తుప్పు కాదు.
ముదురు పచ్చా లేత పచ్చా
ఒకే ఆకులో పొయ్యిలు వేరైన రెండు కాపురాలు.
మొజాయిక్, అని నేను పుస్తకంలో రాసుకున్నాను.
ఆమె పేరు పెట్టలేదు. ఎర్ర గుడ్డపీలిక కట్టింది.

తెచ్చింది పేనుబంక. అదీ ఈ తీగ మీద ఉండేది కాదు.
రెక్కలది ఒకటి గాలివాటుకి వచ్చి వాలి
సూదిమూతితో ఒక్క గుటక రుచి చూస్తుంది.
నచ్చదు. లేచిపోతుంది.
ఆ నచ్చకపోవడమే కొంప ముంచింది.
నచ్చి ఉంటే అక్కడే పిల్లల్ని పెట్టి పడుండేది.
నచ్చక, వరస వరసా తిరిగి
ప్రతి మొక్కనీ ఎంగిలి చేసి పోయింది.

అనుకున్నాం అలా.
పద్దెనిమిదో వరస అలా కాదని తేలేదాకా.

ఆ వరస గింజలు ఎర్మీదెస్ తెచ్చినవి,
మందల వెంట నడిచే మనిషి.
వరద మైదానాలకి అవతల, జనవరిలో
నేల పెంకులు లేచిన చోట
ఒక్క తీగ పచ్చగా కనిపిస్తే
కాయలు కోసి పొగాకు డబ్బాలో పోసుకొచ్చాడు.
నూట నలభై గింజలు.
మరుసటేడు వెళ్తే అక్కడ నూనెబావి కంచె ఉందట.

అరవై నాటాం. వేసవంతా వాడనిది ఆ వరసొక్కటే.
ఎక్కువ పీలికలు కట్టిందీ ఆ వరసకే.
తెర గదిలో, దోమ కూడా చొరని చోట
నాలుగు గింజలు వేసి చూస్తే
ఒకదానికి తొలి మూడాకుల్లోనే అదే పాలిపోత.
ఎవరి ఎంగిలీ కాదు,
పుట్టుకతోనే ఉంది.

తగలబెట్టండి, అని పైనించి చీటీ వచ్చింది.
తప్పేం కాదు, నేనైనా అదే రాసేవాణ్ణి.
నిప్పు పెట్టే ముందు రాత్రి
కంచె దాటి ఎవరిదో ఆవు పడి
సగం వరస మేసేసింది.
పీలిక కట్టినదీ కట్టనిదీ
ఒకే రుచిగా నమిలి, పీలిక మాత్రం ఉమ్మేసింది.
దొమితీలా చాలాసేపు నవ్వింది.
తర్వాత వెళ్ళి అగ్గిపెట్టె తెచ్చింది.

డబ్బాలో మిగిలిన డెబ్భై ఆరు గింజల కోసం
చీటీలో ఏమీ రాసిలేదు.

ఒక్కో గింజకి ఒక్కో కుండీ,
ఒకరాకు మరొకరికి తగలకుండా జానెడు ఎడం.
కొన్ని మొక్కలు లోపల పెట్టుకుని పైకి నవ్వుతాయి గనుక
వాటి రసం తీసి, గరుకు పొడి చల్లిన
బీన్సు ఆకుల మీద రుద్దాం.
ఆరో రోజుకి బీన్సు సాక్ష్యం చెప్పేసింది:
అరవై ఎనిమిది మొలిస్తే తొమ్మిది చెడ్డవి.
తొమ్మిదీ పీకాం.

మిగిలింది నలభై మూడో కుండీ.
బీన్సు మంచిదంది. రెండోసారీ మంచిదే అంది.
నా కంటికీ ఏమీ ఆనలేదు.
దొమితీలా మాత్రం జోడు తీసి, నీడ కప్పి,
ఆకు తిప్పి, మళ్ళీ తిప్పి
"ఏమో" అంది.
పీకమనలేదు. ఉంచమనలేదు.

ఆమె పని మానేసి మూడేళ్ళు.
మంచివాటి గింజలు నాలుగు ఊళ్ళ పచ్చికల్లో పడ్డాయి.
నలభై మూడు ఇంకా తెర గది మూల, విడిగా,
గింజ కట్టనివ్వకుండా మొగ్గలోనే తుంచుతూ వచ్చాను.
నిన్న ఒక మొగ్గ నా కన్నుగప్పింది.
పొద్దున చూస్తే పువ్వు,
ఊదారంగు, ఆ జాతి అలవాటుగా తలకిందులుగా.

నా నీడ దాని మీద వేసి
నిలబడి ఉన్నాను.